“మంచిగనే ఉన్న” అంటే నమ్మకండి

జగిత్యాల ప్రాంతంనుంచి ఒక పాఠకురాలు ఉత్తరం రాశారు. ఆమె భర్తకు దవడలో కాన్సరు వచ్చిందట. ఆపరేషను చేయించి ఇంటికి తెచ్చుకున్నాక, రెండు నెలల్లో మూడుసార్లు తిరిగి ఆస్పత్రిలో చేర్చవలసి వచ్చిందట. అదే వీధిలో మరొకామెకు రొమ్ము కాన్సరుకు చికిత్స జరుగుతున్నది. ఆమె మాత్రం చెప్పిన తేదీకి వెళ్ళి మందు ఎక్కించుకు రావడమే తప్ప, మధ్యలో ఒక్కనాడూ ఆస్పత్రి గడప తొక్కలేదు. “ఆడవాళ్ళ శరీరం మగవాళ్ళ శరీరంకంటె గట్టిదంటారు, నిజమేనా? లేక మా వారికి వైద్యం సరిగా జరగలేదా?” అని ఆమె ప్రశ్న.

ఈ ప్రశ్నకు రెండు వాక్యాలలో జవాబు రాసి ఊరుకోవచ్చు. కాని కొన్నేళ్ళ క్రితం నేనూ సరిగ్గా ఇలాగే అనుకున్నాను. అలా అనుకున్నందుకు మా ఇంట్లో ఒక మనిషి ప్రాణంమీదికి వచ్చింది. అందుచేత ఈ వారం శీర్షిక మొత్తం దీనికే కేటాయిస్తున్నాను.

ముందుగా ఆమె రెండో అనుమానం తీర్చాలి. చికిత్స ముగించుకొని ఇంటికి వెళ్ళిన రోగి, అనుకోని బాధ వచ్చి నెల తిరక్కుండా మళ్ళీ మంచం ఎక్కితే, వైద్యులు దానిని ప్రత్యేకంగా లెక్క కడతారు. తేదీ ప్రకారం కీమోథెరపీకి రావడం ఈ లెక్కలోకి రాదు. జ్వరం, వాంతులు, కుట్లు చీము పట్టడం, నీరసించి పడిపోవడం వంటివే వస్తాయి. ఇలా తిరిగి వచ్చేవారు ఎక్కువగా ఉంటే మొదటిసారి వైద్యంలో ఏదో లోపం జరిగిందని పలుచోట్ల అనుకుంటారు. అమెరికాలో 2012 అక్టోబరు నుంచి గుండెపోటు, న్యుమోనియా వంటి కొన్ని జబ్బుల రోగులు 30 రోజులలోపల మితిమీరి తిరిగి వస్తున్న ఆస్పత్రులకు ప్రభుత్వం ఇచ్చే సొమ్ములో కోత పెడుతున్నారు. కాన్సరుకే ప్రత్యేకించిన ఆస్పత్రులను మాత్రం ఆ కోతనుంచి మినహాయించారు. కాన్సరు రోగి తిరిగి వచ్చిన ప్రతిసారీ అది వైద్యుడి తప్పేనని అనుకోనక్కరలేదు. చాలాసార్లు అది ఆ మందుల స్వభావం, ఆ జబ్బు స్వభావం. కనుక ఆ సోదరి తన భర్తను మూడుసార్లు తీసుకువెళ్ళినందుకు బాధపడనక్కరలేదు. వేళకు తీసుకువెళ్ళగలిగినందుకు సంతోషించాలి.

ఇక మొదటి ప్రశ్న. మగవారూ ఆడవారూ సమానంగా తిరిగి వస్తారా అంటే, అవయవాన్నిబట్టి, ఆపరేషన్నుబట్టి లెక్క మారుతుంది. పెద్ద ఆపరేషన్లలో మగవారికి కొన్ని చిక్కులు ఎక్కువ. పురీషనాళంలో కాన్సరు తీసివేసి పేగులను కలిపి కుట్టేటప్పుడు, మగవారి కటివలయం ఇరుకు కావడంవల్ల పని కష్టమవుతుంది. ఆ కుట్టు వదిలే ప్రమాదం వారికే ఎక్కువ. పొగ తాగినవాడి ఊపిరితిత్తులు, మద్యం తాగినవాడి కాలేయం ఆపరేషను తరువాత తొందరగా కోలుకోవు. మన దేశంలో ఈ రెండు అలవాట్లూ మగవారిలోనే ఎక్కువ. నోటి కాన్సరు వారిని బాధించడానికీ ముఖ్య కారణం పొగాకే. నోటి ఆపరేషను అయినవాడు మింగలేడు, తిన్నది శ్వాసనాళంలోకి జారుతుంది, దానితో న్యుమోనియా వస్తుంది. జగిత్యాల సోదరి భర్తకు జరిగింది ఇటువంటిదే కావచ్చు.

అయితే ఆడవారి శరీరం గట్టిదనుకోవడం మాత్రం పొరపాటు. మందుల విషయానికి వస్తే కథ తలకిందులవుతుంది. 1980 మొదలు 2019 వరకు అమెరికాలో జరిగిన కాన్సరు మందుల పరీక్షలలో పాల్గొన్న 23 వేల మందికి పైగా రోగుల వివరాలను ఒకచోట చేర్చి, 2022లో ఒక పరిశోధన ప్రకటించారు. స్త్రీపురుషులిద్దరికీ వచ్చే కాన్సర్లనే అందులో లెక్కలోకి తీసుకున్నారు. మందులవల్ల తీవ్రమైన బాధలు కలిగే అవకాశం మగవారికంటె స్త్రీలకు 34 శాతం ఎక్కువని తేలింది. కొన్ని మందులు స్త్రీ శరీరంనుంచి నెమ్మదిగా బయటికి పోతాయి. అదే మోతాదు ఆమెకు ఎక్కువసేపు తగులుతుంది.

అంటే ఏమన్నమాట? మందుల బాధలు ఎక్కువ పడేవారు మధ్యలో ఎక్కువసార్లు ఆస్పత్రికి రావాలి గదా! మరి ఆ వీధిలోని రెండో ఆమె ఒక్కసారి కూడా ఎందుకు రాలేదు? అదృష్టం బాగుండి రాలేదా, లేక రావలసి ఉండీ రాలేదా? ఉత్తరంలో లేని ఈ ప్రశ్నే నన్ను పట్టుకున్నది.

ఢిల్లీలోని ఎయిమ్స్ ఆస్పత్రికి 2016లో వచ్చిన ఔట్ పేషెంట్ల లెక్కను కొందరు వైద్యులు విడదీసి చూసి 2019లో ప్రకటించారు. సుమారు 23 లక్షల 77 వేల సందర్శనలు. ఢిల్లీ నగరంనుంచి వచ్చినవారిలో ప్రతి 100 మంది స్త్రీలకు 141 మంది మగవారు ఉన్నారు. హర్యానా వారిలో 170. ఉత్తరప్రదేశ్ వారిలో 198. అందరికంటె దూరంగా ఉన్న బీహారునుంచి వచ్చినవారిలో 237. దూరం పెరిగినకొద్దీ ఆడవాళ్ళు తగ్గిపోయారు! బీహారు స్త్రీలకు రోగాలు తక్కువా? కాదు. రైలెక్కించి తీసుకువచ్చేవాళ్ళు తక్కువ.

ఇప్పుడు మన వైపు చూడండి. కరీంనగర్‌నుంచి హైదరాబాదు 160 కిలోమీటర్లు. ఆదిలాబాద్‌నుంచి 300. 2016లో పాత కరీంనగర్, ఆదిలాబాద్ జిల్లాలను విడదీసి జగిత్యాల, పెద్దపల్లి, సిరిసిల్ల, మంచిర్యాల, నిర్మల్, ఆసిఫాబాద్ అని కొత్త జిల్లాలు చేశారు. కలెక్టరు కచేరి దగ్గరైంది. పెద్ద ఆస్పత్రులు కొన్ని ఆ వైపూ వెలిశాయి. అయినా రేడియేషను, పెద్ద ఆపరేషను అనగానే ఎక్కువమంది నేటికీ పట్నం బస్సే ఎక్కుతారు. 1955లో మెహదీ నవాజ్ జంగ్ పూనికతో హైదరాబాదులో మొదలై, ఎం.ఎన్.జె. అని పేరు పొందిన కాన్సరు ఆస్పత్రికి ఉత్తర తెలంగాణనుంచి వచ్చేవారి వరుస ఇన్నేళ్ళయినా తరగలేదు. ఆ వరుసలో ఎవరు నిలబడ్డారో కనబడుతుంది. ఇంటిదగ్గర ఆగిపోయినది ఎవరో కనబడదు.

మా ఇంటి సంగతి చెబుతానన్నాను. మా మేనమామది వేములవాడ దగ్గర ఒక పల్లె. సిరిసిల్లలో సాంచెలమీద పని చేసేవాడు. సాంచె అంటే మరమగ్గం. నిద్ర పట్టకుండా రాత్రి షిఫ్టు చేయడానికి దవడలో తంబాకు పెట్టుకునే అలవాటు ఇరవై ఏళ్ళు సాగింది. 2022 మొదట్లో ఎడమ దవడ తీసివేశారు. తరువాత ఆరు వారాలు రేడియేషను. ఆ ఏడాది ఆయన నాలుగుసార్లు తిరిగి ఆస్పత్రిలో చేరాడు. ఒకసారి కుట్టు దగ్గర చీము, ఒకసారి న్యుమోనియా, రెండుసార్లు తిండి లేక నీరసం.

ఆ నాలుగుసార్లూ ప్రమాదాన్ని కనిపెట్టింది మా అత్తమ్మ. ఆమె చదువుకోలేదు. బీడీలు చుడుతుంది. చాట ఒళ్ళో పెట్టుకొని, తునికాకు కత్తిరించి, తంబాకు పోసి చుట్టి, దారం కట్టి, సాయంత్రానికి కట్టలు కార్ఖానాకు తీసుకుపోతుంది. అయినా మామ దగ్గులో తేడా ఆమెకు అర్థరాత్రి నిద్రలో కూడా తెలిసేది. నేను ఒక థర్మామీటరు కొనిచ్చి, ఎర్ర గీత ఎక్కడికి వస్తే నాకు ఫోను చేయాలో చూపించాను. గోడమీద కాగితం అంటించి, మందుల వేళలు రాసి, ఆస్పత్రి ఫోను నంబరు పెద్ద అంకెలలో వేశాను. ఇంటికి వచ్చినవాళ్ళు ఆ కాగితం చూసి, “మేనగోడలంటే ఇట్లుండాలె” అనేవారు. నేనూ లోపల మురిసిపోయేదాన్ని.

మరుసటి ఏడు వేసవిలో అత్తమ్మకే రొమ్ములో గడ్డ కనబడింది. ఆపరేషను అయింది. ఇరవై ఒక్క రోజులకొకసారి కీమో మందు ఎక్కించడం మొదలుపెట్టారు. నేను హైదరాబాదునుంచి రెండు రోజులకొకసారి ఫోను చేసేదాన్ని.

“ఎట్లున్నవ్ అత్తమ్మా?”

“మంచిగనే ఉన్న బిడ్డా. నువ్వు తిన్నవా?”

ప్రతిసారీ ఇదే మాట. మామ వలె ఆమె మధ్యలో ఆస్పత్రికి పరుగెత్తవలసిన పని పడలేదు. “అత్తమ్మది గట్టి ప్రాణం” అని నేను మా అమ్మతో అన్నాను కూడా. మీకిప్పుడు తెలిసిందా, జగిత్యాల సోదరి ప్రశ్న నన్నెందుకు పొడిచిందో!

2023 ఆగస్టు చివర, రాఖీ పున్నమికి ఊరు వెళ్ళాను. అత్తమ్మ గుమ్మంలో కూర్చొని చాటలో బీడీలు చుడుతున్నది. దగ్గరకు తీసుకుంటే ఒళ్ళు పెనంలా కాలుతున్నది. మందు ఎక్కించి అప్పటికి పది రోజులు.

“ఎన్ని రోజులనుంచి ఈ జ్వరం?”

“జరంత ఎచ్చగున్నది, గంతే. మొన్నటిసంది. గోలి ఏసుకుంటున్న, దిగుతున్నది.”

గూట్లో ఉన్న థర్మామీటరు తీశాను. పైన దుమ్ము పట్టి ఉన్నది. మామ నయమైన తరువాత దానిని ఎవరూ ముట్టుకోలేదు. గోడమీది కాగితం అలాగే ఉన్నది, మామ మందుల వేళలతో. అత్తమ్మ కోసం నేను ఒక్క అక్షరం రాయలేదు. థర్మామీటరులో 102 దాటింది.

“ఆ మందు ఎక్కించుకునేవాళ్ళకు జ్వరం వస్తే వెంటనే రావాలని చెప్పలేదా?” అని అరిచినంత పని చేశాను.

“చెప్పిన్రు. నేను దవాఖానల పడితే మీ మామకు జావ ఎవలు కాసిస్తరు?”

రేడియేషను తరువాత మామ నోరు రెండు వేళ్ళ మందంకంటె తెరుచుకోదు. పల్చగా జావ కాచి, వడకట్టి ఇవ్వాలి. ఆయన ఆ మాట విని గోడవైపు తిరిగి కూర్చున్నాడు. ఆయన చెడ్డవాడు కాడు. భార్యమీద ప్రేమ లేనివాడూ కాడు. నలభై ఏళ్ళ సంసారంలో ఆమె నుదురుమీద చెయ్యి వేసి చూడవలసిన పని తనదని ఆయనకు తట్టలేదు, అంతే. నాకు మాత్రం తట్టిందా?

ఆ సాయంత్రమే కారు మాట్లాడుకొని కరీంనగర్ వెళ్ళాం. అక్కడ రక్తం పరీక్ష చేశారు. కనీసం నాలుగు వేలు ఉండవలసిన తెల్ల కణాలు ఆరువందలకు దిగాయి. వెంటనే మొదటి సూది మందు ఇచ్చి, మరునాడు నగరానికి పంపారు. తొమ్మిది రోజులు వార్డులో ఉన్నది. మూడో రోజు రాత్రి రక్తపోటు పడిపోయి, నేను వరండాలో నిలబడి దేవుళ్ళందరికీ మొక్కుకున్నాను. బతికింది.

ఈ తెల్ల కణాల సంగతి కొంచెం వివరంగా చెప్పాలి. కీమో మందు కాన్సరు కణాలతోపాటు ఎముక మజ్జలో పుట్టే రక్త కణాలనూ దెబ్బతీస్తుంది. మందు ఎక్కించిన ఏడో రోజునుంచి పద్నాలుగో రోజు వరకు తెల్ల కణాలు బాగా తగ్గి ఉంటాయి. సూక్ష్మజీవులతో పోరాడే సైన్యం అదే. సైన్యం లేనప్పుడు దొంగలు పడినా గొడవ వినబడదు. చీము పట్టదు, గాయం ఎర్రబడదు. జ్వరం ఒక్కటే గుర్తు. 100.4 డిగ్రీల జ్వరం మామూలు మనిషికి ఒక పూట విశ్రాంతి. కీమో తీసుకునే మనిషికి అది ఇల్లు అంటుకున్నంత తొందర. ఆస్పత్రి చేరిన గంటలోపల యాంటీబయాటిక్ పడాలని వైద్యుల నియమం. పారాసిటమాల్ బిళ్ళ జ్వరాన్ని దింపుతుంది గాని జబ్బును దింపదు. ఉన్న ఒక్క గుర్తునూ చెరిపివేస్తుంది.

వార్డులో అత్తమ్మ పక్క మంచంమీద ఆసిఫాబాద్ అవతలి పల్లెనుంచి వచ్చిన ఒకామె ఉండేది. గర్భాశయ ముఖద్వారంలో కాన్సరు. రేడియేషను ముగిసి, ఏప్రిల్లో చూపించుకోవడానికి రావాలి. ఏప్రిల్, మే నెలల్లో అడవిలో తునికాకు కోతలు. ఆ ఇంటికి ఏడాదిలో చేతికి నగదు వచ్చేది అప్పుడే. తరువాత వానలు పడ్డాయి, పత్తి విత్తారు, కలుపు వచ్చింది. ఈలోగా మలంలో రక్తం పడుతున్నది. రేడియేషను అయిన కొన్ని నెలలకు అలా పడవచ్చునని, పడితే రావాలని డాక్టర్లు చెప్పి పంపారట. చెప్పిన మాట ఆమెకు గుర్తున్నది. కాని ఆ సంగతి ఎవరికి చెప్పాలి? భర్తకు పట్నం తెలియదు. కొడుకు దుబాయిలో. ఊళ్ళో ఉన్న మరిదితో ఆ మాట అనలేదు. ఆగస్టులో పొలంలో కళ్ళు తిరిగి పడిపోయాక తీసుకువచ్చారు. మా అత్తమ్మ చుట్టే ఆకు ఆమె కోసిన అడవిదే కావచ్చు. ఇద్దరూ పక్కపక్క మంచాలమీద ఆకు ధర గురించి మాట్లాడుకునేవారు.

రాత్రి డ్యూటీలో ఉన్న లేడీ డాక్టరుతో ఒకనాడు మాట కలిసింది. ఆమె అన్న మాట నాకు ఇప్పటికీ చెవిలో ఉన్నది. “మగ రోగి పక్కన ఎప్పుడూ ఒకే ఆడమనిషి ఉంటుంది, భార్యో తల్లో. నిన్న ఎన్నిసార్లు వాంతి అయిందో ఆమెను అడిగితే చెబుతుంది. ఆడ రోగి పక్కన రోజుకొకరు మారతారు. ఏది అడిగినా, ‘ఆమెనే అడగండి’ అంటారు.”

ఇది మన దేశంలోనే అనుకోకండి. అమెరికాలో మెదడులో గడ్డలు, ఇతర కాన్సర్లు, నరాల జబ్బు వచ్చిన 515 మంది వివాహితుల సంగతి పరిశీలించి 2009లో ప్రకటించారు. జబ్బు మగవాడికి వస్తే నూటికి ముగ్గురు దంపతులు విడిపోయారు. జబ్బు భార్యకు వస్తే నూటికి ఇరవై ఒక్కరు! మన ఇళ్ళలో విడాకుల దాకా వెళ్ళరు. కాని ఒకే ఇంట్లో ఉంటూ చూడకుండా ఉండడానికి విడాకులు అక్కరలేదు గదా.

డబ్బు సంగతి కూడా ఉన్నది. 2007లో మొదలైన ఆరోగ్యశ్రీ ఎందరో పేదలను కాన్సరు ఖర్చునుంచి కాపాడింది. 2023 డిసెంబరులో తెలంగాణలో ఆ సాయాన్ని పది లక్షల రూపాయలకు పెంచారు. అదే డిసెంబరు 9న మహాలక్ష్మి పథకం కింద పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సులలో ఆడవాళ్ళకు టికెట్టు లేకుండా చేశారు. ఆదిలాబాద్‌నుంచి పట్నందాకా చేతిలో పైసా లేకుండా ఒక స్త్రీ బస్సెక్కవచ్చు. ఇది చిన్న మేలు కాదు. కూతురో చెల్లెలో తోడు వస్తే ఆమెకూ టికెట్టు లేదు. కాని బస్సు ఎక్కేముందు, “నాకు బాగాలేదు, నేను పోవాలె” అని నోరు తెరిచి అనాలి. ఆ మాటకు ప్రభుత్వం టికెట్టు ఇవ్వలేదు. ఆ రోజు చుట్టని బీడీలకు కూలి ఎవరూ ఇవ్వరు. పొయ్యి ఎవరు వెలిగిస్తారన్న ప్రశ్నకు ఏ పథకంలోనూ జవాబు లేదు. ఆ జవాబు మన ఇంట్లోనే దొరకాలి.

అందుచేత, ఇంట్లో కాన్సరు చికిత్స తీసుకుంటున్న తల్లి, అత్త, భార్య, చెల్లెలు ఉన్నవారు ఈ కింది సంగతులు మనసులో పెట్టుకోండి.

ఆమెకు ఒక తోడు మనిషిని నిర్ణయించండి. “అందరం చూసుకుంటాం” అంటే ఎవరూ చూడరని అర్థం. భర్త అయితే మరీ మంచిది. చదువు అక్కరలేదు, అంకెలు వస్తే చాలు. మందు ఎక్కించిన తేదీ కాలెండరులో గుర్తు పెట్టి, ఏడో రోజునుంచి పద్నాలుగో రోజు వరకు ఎర్ర సిరాతో గీత గీయండి. ఆ వారం పొద్దున, సాయంత్రం థర్మామీటరు పెట్టి అంకె రాయాలి. బిళ్ళ వేసుకోకముందే పెట్టాలి.

“ఎట్లున్నవ్” అని అడగకండి. ఆ ప్రశ్నకు మన ఆడవాళ్ళకు ఒకటే జవాబు తెలుసు. లెక్క అడగండి. నిన్న ఎన్ని ముద్దలు తిన్నావు? ఎన్నిసార్లు వాంతి అయింది? విరేచనాలు ఎన్ని? పొద్దుటినుంచి మూత్రం ఎన్నిసార్లు పోశావు? లెక్క అడిగితే అబద్ధం చెప్పడం కష్టం. రొమ్ము ఆపరేషను అయినామెను గాజులు బిగుతయ్యాయా అని అడగండి. చెయ్యి వాస్తున్నదో లేదో గాజులు చెబుతాయి. వాచిన చెయ్యి ఎర్రబడి వేడిగా ఉంటే ఆ రోజే చూపించాలి. గర్భాశయానికి రేడియేషను అయినామెను రక్తం పడుతున్నదా అని అడగడానికి ఒక ఆడమనిషిని నియమించండి. సిగ్గు ఆమెది మాత్రమే కాదు, మనదీ.

జ్వరం 100.4 అంటుకుంటే మూడు వందల కిలోమీటర్ల దూరంలోని పెద్ద ఆస్పత్రికోసం ఆగకండి. మొదట జిల్లా ఆస్పత్రికో, దగ్గరలోని పెద్ద ఆస్పత్రికో వెళ్ళి, “కీమో తీసుకుంటున్న మనిషి, జ్వరం వచ్చింది” అని మొట్టమొదటి వాక్యంగా చెప్పండి. బండి లేకపోతే 108కి ఫోను చేయండి. చికిత్స కాగితాలన్నీ ఒక సంచిలో పెట్టి తలుపు పక్కన తగిలించి ఉంచండి. ఊళ్ళోని ఆశా కార్యకర్తకు ముందే సంగతి చెప్పి ఉంచితే ఆమె చాలా పనికి వస్తుంది. జిల్లా ఆస్పత్రులన్నింటిలోనూ మూడేళ్ళలో కాన్సరు డే కేర్ కేంద్రాలు పెడతామని 2025 ఫిబ్రవరి కేంద్ర బడ్జెటులో చెప్పారు. మీ జిల్లా ఆస్పత్రిలో అది వచ్చిందో లేదో వెళ్ళి కనుక్కోండి. మందు ఎక్కించుకోవడం దగ్గరైతే, బాధ చెప్పుకోవడం కూడా దగ్గరవుతుంది.

చివరిది, అన్నిటికంటె ముఖ్యమైనది. ఆమె వంట ఎవరు చేస్తారో ముందే తేల్చండి. ఇది వైద్య సలహా కాదనుకోవద్దు. మా అత్తమ్మను మూడు రోజులు ఇంట్లో కట్టిపడేసింది కాన్సరు కాదు, జావ గిన్నె.

జగిత్యాల సోదరికి నా జవాబు ఇది. మీ వారు మూడుసార్లు తిరిగి వెళ్ళారంటే, మీరు ఆయనను కనిపెట్టుకొని ఉన్నారని అర్థం. మీ వీధిలోని ఆమె ఒక్కసారీ వెళ్ళలేదంటే, నిజంగా బాగుండవచ్చు; బాగుండాలనే కోరుకుందాం. కాని ఆమెను ఎవరు కనిపెట్టుకొని ఉన్నారో ఈ సాయంత్రం ఒకసారి వెళ్ళి చూసి రండి. మీ ఇంట్లో వాడుతున్న థర్మామీటరు వెంట తీసుకువెళ్ళండి. అవతలివాళ్ళు ఏమనుకుంటారో అని సందేహించకండి.

అత్తమ్మకు మిగిలిన కీమోలు రెండు వారాలు ఆలస్యంగానైనా పూర్తి అయినాయి. ఇప్పుడు ఆరు నెలలకొకసారి చూపించుకుంటున్నది. ఆస్పత్రినుంచి వచ్చిన వారంలోనే నేను గోడమీది పాత కాగితం చింపి, ఆమె పేరు రాసి కొత్తది అంటించాను. మామకు థర్మామీటరు చూడడం నేర్పడానికి అరగంట పట్టింది. జావ కాయడం నేర్పడానికి రెండు రోజులు. మొదటిరోజు మాడబెట్టాడు.

ఆ తరువాత కీమోలు జరిగినన్నాళ్ళు ప్రతి సాయంత్రం ఏడు గంటలకు నాకు ఫోను వచ్చేది. నోరు సరిగా తెరుచుకోదు కనుక ఆయన మాట ముద్దగా ఉంటుంది. క్షేమసమాచారాలు ఏమీ ఉండవు. “బిడ్డా, రాసుకో. మీ అత్తకు తొంబై ఎనిమిదిన్నర,” అని చెప్పి పెట్టేసేవాడు.